ఫీజు ఏ డబ్బాలోంచి?

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలకు ముందే చెబుతున్నాను. ఊళ్ళోకి వెళ్ళగానే జనం లేచి దండం పెడితే పొంగిపోకండి. మీరు లోను ఇప్పిస్తారని వాళ్ళ ఆశ. ఇప్పించరని తెలిశాక కూడా మంచం వాల్చి మంచినీళ్ళిచ్చారంటే అప్పుడు కొంచెం పొంగవచ్చు.

నా ఉద్యోగం పేరు ఆర్థిక అక్షరాస్యత సలహాదారు. హిందీలో ఇంకా పొడుగు. హిందీ మాట్లాడే రాష్ట్రం అంచున, శబరి నది ఒడ్డున ఉన్న కొంటాలో ఒక బ్యాంకు తరఫున పనిచేశాను. దోర్నపాల్ దాకా రోడ్డు మీది బజార్లు, లోపల మరైగూడ లాంటి ఊళ్ళు నా పరిధి. అప్పు ఇవ్వను, జమ తీసుకోను, డబ్బు గురించి చెబుతాను, అంతే. అందుకే జనం నాకు పైసల పంతులమ్మ అని పేరు పెట్టారు. నా ముందే అలా పిలిచేవారు, నాకేమీ కోపం వచ్చేది కాదు.

ప్రమోషన్ల గురించి రాయను. ఒక్కటే వచ్చింది. దానితో కుర్చీ మారింది కానీ, కిర్రుమనడం మారలేదు.

త్రాసు బొమ్మ

మాకు ఒక పటం ఇచ్చేవారు. దాని మీద త్రాసు బొమ్మ. ఒక తట్టలో నాణేల కుండ, ఇంకో తట్టలో బడి. పటం విప్పి, “డబ్బు ముందా, చదువు ముందా?” అని అడగాలి. జనం ఏం చెప్పినా సరే, ముందు డబ్బు దాచండి, దాని వడ్డీతో పిల్లల్ని చదివించండి అని ముగించాలి. ఇది పైనుంచి వచ్చిన జవాబు.

మా మేనేజరు రాయ్‌పూర్ మనిషి. మంచివాడే, టార్గెట్ నెలలో తప్ప. “చదువు గురించి ఎంతైనా చెప్పండి మేడమ్, కానీ మాట పూర్తయ్యేసరికి వాళ్ళ చేతిలో డిపాజిట్ ఫారం ఉండాలి” అనేవాడు. తన కొడుకు చదువుకు మాత్రం ఆయనే అప్పు తీసుకున్నాడు. మీరు ముందుగా దాచలేదా సర్ అని అడిగితే, “సమ్‌ఝానా మేరా కామ్ హై” అన్నాడు. చెప్పడం వరకే ఆయన పని అట.

దోర్నపాల్ బజారులో ఒకసారి ఎండలో నిలబడి చెమటలు కక్కుతూ ఉపన్యాసం ఇచ్చాను. గోండీలో చెప్పడానికి టమాటాలు అమ్మే ఒకాయనను బతిమాలి పక్కన పెట్టుకున్నాను. నేను ఎంతసేపు మాట్లాడినా ఆయన ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాడు. జనం తలలూపుతున్నారు. అయిపోయాక, “ఏం చెప్పావు బాబూ, అంత తొందరగా?” అని అడిగాను.

“మంచి అమ్మనే, పైసలు అడగదు, ఎండ తగ్గినంక పోదురు, జర కూసోండ్రి అన్న” అన్నాడు.

ఆ రోజు నివేదికలో, సభ్యులు ఆసక్తితో చివరిదాకా కూర్చున్నారని రాశాను. అబద్ధం కాదు కదా.

నాలుగు కాళ్ళ పొదుపు

మరైగూడలో జోగయ్య అనే రైతు ఉండేవాడు. కాస్త పొలం, అడవిలో ఏరుకునే ఇప్పపువ్వు, వీటన్నిటికంటే ముఖ్యంగా మేకల మంద. నా పటం చూసి ఆయన చాలాసేపు ఆలోచించాడు.

“అమ్మా, మీ బ్యాంకుల పైసలు పెడితే ఏడాదికి ఎంత పెరుగుతయి?”

చెప్పాను.

“గంతేనా? నా మేక ఏడాది తిరిగేసరికి పిల్లల్ని పెడతది.”

“మేక చచ్చిపోతే?”

“తింటం. మీ బ్యాంకు మునిగితే ఏం తింటరు?”

ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. పటం చుట్టుకుని వచ్చేశాను.

ఆ వానల్లో మేకలకు రోగం తగిలింది. మందలు మందలే పోయాయి. రోగం మేక కాబట్టి తినడానికీ లేదు, పూడ్చిపెట్టారు. జోగయ్య కొడుకు చిన్నప్పుడు హాస్టల్లో చదువుకునేవాడు, అప్పుడూ ఇలాగే మేకలు పోతే చదువు ఆగిపోయిందట. ఇప్పుడు మనవరాలిని వేద్దామనుకుంటే మళ్ళీ అదే కథ. నన్ను చూసి, “సదువు ముందా, పైసలు ముందా అని అడుగుతవు గదా. మేకకు డాక్టరు ఏడున్నడో అది చెప్పు ముందుగాల” అన్నాడు. ఆయన గొంతులో వెటకారం లేదు. నా పటంలో దానికి బొమ్మ లేదు.

భూషణం సేటు మూడు డబ్బాలు

కొంటాలో పెద్ద రోడ్డు మీద భూషణం సేటు దుకాణం. ఉప్పు, నూనె, తాళ్ళు, గొడుగులు అమ్ముతాడు, చింతపండు, ఇప్పపువ్వు కొంటాడు. తాతల కాలంలో భద్రాచలం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన ఒక రోజు కబురు పెట్టాడు.

“మేడమ్, మీరు ఊరికే సలహా ఇస్తరట గదా” అన్నాడు. ఊరికే అన్న మాటను ఒత్తి పలికాడు.

సంగతి ఏమిటంటే, ఆయన కూతురు శ్రావణికి రాయ్‌పూర్ అవతల ఒక కాలేజీలో పశువుల డాక్టరు చదువుకు సీటు వచ్చింది. పేమెంటు సీటు. వారంలోగా ఫీజు కట్టకపోతే ఇంకొకరికి పోతుంది. పిల్ల రెండు రోజులుగా సరిగా తినడం లేదు.

“పశువుల డాక్టరే ఎందుకమ్మా?” అని అడిగాను.

“బజార్ రోజు వచ్చేటోళ్ళల్ల సగం మంది మేకకు మందున్నదా, ఎద్దుకు మందున్నదా అని అడుగుతరు మేడమ్. నాన్న తలనొప్పి గోళీ ఇచ్చి పంపుతడు” అంది శ్రావణి.

“తగ్గినయి గూడ” అన్నాడు సేటు.

“తగ్గనియి వచ్చి చెప్పవు కదా నాన్నా.”

ఆ దుకాణంలో డబ్బుకు మూడు చోట్లు ఉన్నాయి. గల్లాపెట్టెలోది సరుకు డబ్బు. పాలపొడి డబ్బాలోది ఇంటి ఖర్చు, అందులో కూరగాయలకూ పాలకూ మించి ఎప్పుడూ ఉండదు. మూడోది పైన చీలిక ఉన్న ఇనప డబ్బా, పసుపు కుంకుమ పెట్టి ఉంటుంది. అది ధర్మాదా డబ్బా. సేటు ప్రతి బిల్లు మీదా ధర్మం పేరున ఒకటో రెండో రూపాయలు అదనంగా తీసుకుని అందులో వేస్తాడు. ఇచ్చేది కొన్నవాళ్ళు, దాచేది అమ్మినవాడు. ఎండాకాలం చలివేంద్రానికీ, దిక్కులేని శవానికి కట్టెలకూ, ఆవుల గడ్డికీ అందులోంచి తీస్తారు. మిగిలింది మా బ్యాంకులో విడిగా డిపాజిట్ చేస్తారు. తాతల నాటి నుంచి చేరి చేరి అది మా బ్రాంచిలో పెద్ద డిపాజిట్ అయి కూర్చుంది. మా మేనేజరు దానికి రోజూ మనసులో దండం పెట్టుకునేవాడు.

“గల్లాల పైసలు సరుకువి మేడమ్. చింతపండు సీజన్ మీదికొస్తున్నది. సరుకు కొంటే అమ్ముతం. సదువు కొంటే ఎవరికి అమ్ముతం?” అన్నాడు సేటు.

నేను అలవాటు చొప్పున త్రాసు పటం విప్పాను. ఫీజు డబ్బు ఫిక్సుడు వేస్తే ఇన్నేళ్ళకు ఎంతవుతుందో చెప్పాను. చదువుకు పెడితే ఎంత తిరిగొస్తుందో ఖాయంగా చెప్పలేమని కూడా అన్నాను. అదీ పైనుంచి వచ్చిన వాక్యమే. సేటు ముఖం వెలిగిపోయింది.

“చూసినవా బిడ్డా? నేనంటే వినవు, మేడమే చెప్తున్నది.”

శ్రావణి నా వైపు చూసింది. “మేడమ్, మిమ్మల్ని చదివియ్యకుండ మీ నాన్న ఆ పైసలు ఫిక్సుడు వేసుంటే ఇప్పుడు ఎంతయ్యేటియి?”

బుద్ధి గడ్డి తిని నేను మనసులో లెక్క కూడా వేశాను. బాగానే అయ్యేవి.

“మరి అప్పుడు మా ఇంటికొచ్చి ఈ పటం ఎవరు చూపించేటోళ్ళు?” అంది.

నేను పటం చుట్టేశాను. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ త్రాసు బొమ్మ మళ్ళీ విప్పలేదు. పిల్లలూ, మీకూ అలాంటి పటం ఇస్తారు. ఎండకు నెత్తి మీద కప్పుకోవడానికి పనికొస్తుంది, తీసుకోండి.

నాయనమ్మ తీర్పు

సేటు కాసేపు గోళ్ళు చూసుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. “ఆడపిల్ల సదువంటే ధర్మమే గదా మేడమ్?” అన్నాడు. అంటూ ఆయన కళ్ళు మెల్లగా ఇనప డబ్బా మీదికి పోయాయి.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అని నాకు నోటిదాకా వచ్చింది. అంతలో వెనక గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న వాళ్ళ అమ్మ మాణిక్యమ్మ, అంటే శ్రావణి నాయనమ్మ, చేతిలో బుట్ట పక్కన పెట్టింది.

“ఒరే భూషణం. అది మనది కాదురా. ఉప్పు కొన్నోళ్ళది.”

“తెలుసే అమ్మా. కానీ ధర్మానికే గదా...”

“అందులకెళ్ళి తీస్తే ఆ సదువు గూడ మనది కాదు. ఊరిదైతది. రేపు పిల్ల సదువుకొచ్చినంక దుకాణంల కూసోమంటే కూసోదు, సంపాదించి తెమ్మంటే తేదు. ఒప్పుకుంటవా?”

సేటు ముఖంలో లెక్కలు నడవడం నాకు కనబడింది. గల్లా కదలదు. చింతపండు సీజన్ చెడదు. ఊరిదైనా పిల్ల మన ఇంట్లోనే అన్నం తింటుంది. చదువు అయ్యాక అమ్మ ఈ మాట గుర్తుపెట్టుకుంటుందా ఏమిటి?

“ఒప్పుకుంటనే. ఊరిదైతే ఊరిదే.”

“నాకు చెప్తే ఏం లాభం? ఇచ్చినోళ్ళకు చెప్పాలె. రేపు బజార్ రోజు” అంది ఆమె.

మర్నాడు పొద్దున్నే మాణిక్యమ్మ దుకాణం ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. నన్ను పక్కన నిలబెట్టుకుంది, బ్యాంకు మనిషి సాక్షి ఉండాలట. వచ్చిన ప్రతి మనిషితో అదే మాట. “మీ ధర్మాదా పైసలతోటి మా పిల్లను పశువుల డాక్టరు సదువుకు పంపుతం. ఒప్పుకుంటరా?” గోండీ వాళ్ళకు గోండీలో, హిందీ వాళ్ళకు హిందీలో చెప్పింది. సేటు లోపల తక్కెడ వెనక నక్కి, వినబడనట్టు సరుకు తూస్తున్నాడు.

“నా కోడికి గూడ జూస్తదా?” అంది ఒకామె.

“చూస్తది.”

“పందెం కోడికి?” అన్నాడు వాళ్ళాయన.

“అది గూడ కోడే గదరా.”

“నేను బీడీలు తప్ప ఏం కొనలే. నా మాట చెల్లుతదా?” అన్నాడు ఇంకొకాయన. చెల్లుతుందంది. ఒక్క మనిషి మాత్రం నా రూపాయి నాకిచ్చెయ్యమన్నాడు. ఆమె ఇచ్చేసింది. ఆయన వీధి చివరిదాకా పోయి, మళ్ళీ తిరిగొచ్చి, “మా ఇంట్ల బర్రె ఉన్న సంగతి మర్చిపోయిన” అని రూపాయి డబ్బాలో వేసి పోయాడు.

మధ్యాహ్నానికి మరైగూడ జోగయ్య ఉప్పు కోసం వచ్చాడు. అంతా విని, అందరిలా వెంటనే తల ఊపలేదు.

“పిల్ల సదువుకున్నంక రాయ్‌పూర్లనే ఉండిపోతే?”

సేటు తూచడం ఆపాడు. ఆ ప్రశ్న నాకూ ఉంది కానీ అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. శ్రావణి లోపలి నుంచి బయటికొచ్చింది.

“వస్త తాతా” అంది.

“రాకపోతే నన్నడుగు. ఈ స్టూలు మీదనే ఉంట” అంది నాయనమ్మ.

జోగయ్య ఆ పిల్లను కిందికీ మీదికీ చూశాడు. “సరే. జల్దీ సదువు. మేకలు ఆగయి” అన్నాడు.

నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఉల్లిపాయల బస్తా పక్కన నిలబడ్డాను కాబట్టి పరువు దక్కింది.

రెండు రోజుల్లో డిపాజిట్ తీసేశారు, ఫీజు కట్టేశారు. మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. “మేడమ్, సలహా ఇవ్వడానికి వెళ్ళి డిపాజిట్ తీయించి వచ్చారా?” చదువు గురించి ఎంతైనా చెప్పమన్నది మీరే కదా సర్ అన్నాను. ఇంతకంటే లోపలికి బదిలీ చేయిస్తానన్నాడు. కొంటా దాటితే శబరి, శబరి దాటితే వేరే రాష్ట్రం. ఇంక ఎక్కడికి పంపుతాడో ఆయనకే తెలియక కోపం ఇంకా పెరిగింది.

ఇక్కడ నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. డబ్బు గొప్పదా, చదువు గొప్పదా అని ఎవరైనా సలహాకు వస్తే ఏదో ఒకటి అని చెప్పకండి. ఆ డబ్బు ఎవరిది, ఆ చదువు ఎవరికి పనికి రావాలి, ఈ రెండే అడగండి. గల్లాలోంచి తీస్తే ఆ పిల్ల జీవితాంతం దుకాణానికి జవాబు చెప్పుకోవాలి. ఇది నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు, చింతపండు గింజలు తీసే ఆమె నోట విన్నాను. ఆమె మాత్రం ఊరికే చెప్పలేదు, వీశెడు గింజలు నా చేత కూడా తీయించింది.

వాటాదారులు

శ్రావణి వచ్చింది. నేను రిటైరయ్యే ముందు ఏడాది వచ్చి, బస్‌స్టాండు వెనక ఒక గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టింది. మొదటి రోజు పొద్దున్నే గది ముందు మేకలు, ఎద్దులు, బుట్టల్లో కోళ్ళు. ఎవరి నోట విన్నా ఒకటే మాట: “ఆ పిల్ల తలకాయల నా పైసలున్నయి.” పందెంలో తన్నులు తిన్న కోళ్ళను తెచ్చినవాళ్ళయితే సొంత హక్కులా ముందుకు తోసుకొచ్చేవారు. ఒక లారీ డ్రైవరు దారిలో దొరికిన కుక్కను తెచ్చి, ఎప్పుడో ఈ రోడ్డున పోతూ భూషణం సేటు దగ్గర ఒక సబ్బు కొన్నానన్నాడు. ఆమె నవ్వి కుక్కకు కట్టు కట్టింది.

వైద్యానికి డబ్బు తీసుకోదు, మందు ఖరీదు మాత్రమే. మరి బతకడం ఎలా అంటే, శబరి అవతల ఆంధ్రా పాడిరైతుల దగ్గర పూర్తి ఫీజు. కొన్నాళ్ళకు వాళ్ళూ తెలివి మీరి, “మేమూ మీ నాన్న దగ్గరే చింతపండు కొన్నామమ్మా” అనడం మొదలుపెట్టారు. “బిల్లు ఉందా?” అని అడిగేది. దాంతో ఆ వైపు ఊళ్ళలో జనం చింతపండు బిల్లులు భద్రంగా దాచుకోవడం మొదలైంది. పదేళ్ళు గొంతు చించుకున్నా నేను నది ఇవతల ఎవరిచేతా ఒక్క రసీదు దాపించలేకపోయాను.

ఆ ఏడు వానలకు ముందే ఆమె మరైగూడ వెళ్ళి మేకలకు సూదులు వేసింది. మేకలు నిలిచాయి. జోగయ్య కొన్ని అమ్మి మనవరాలిని హాస్టల్లో చేర్చాడు. ఇంకొకటి అమ్మి, నేను జమ తీసుకోనని తెలిసీ ఆ డబ్బు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. “ఇది దాయి. మీ బ్యాంకు మునిగినా నాకు మేకలున్నయిలే” అన్నాడు. నా ఉద్యోగంలో అంత సంతోషపడ్డ రోజు ఇంకొకటి లేదు.

సేటుకు మాత్రం లోపల గుబులు. పిల్ల దుకాణంలో కూర్చోదు, డబ్బు తేదు. గట్టిగా అడుగుదామంటే స్టూలు మీద అమ్మ ఉంది.

రిటైరయ్యాక ఒక బజార్ రోజు నేను పప్పు కొనడానికి ఆ దుకాణానికి వెళ్ళాను. జోగయ్య ఉప్పు కోసం నిలబడి ఉన్నాడు. పెరట్లో సేటు పాడి ఆవు కడుపుబ్బి పడిపోయిందని గోల. కబురు వెళ్ళగానే శ్రావణి వచ్చింది, మందు పట్టింది, కడుపు నిమిరింది. కాసేపటికి ఆవు లేచి నిలబడింది. సేటు కళ్ళు తుడుచుకున్నాడు. శ్రావణి చేతులు కడుక్కొని వచ్చి గల్లా ముందు నిలబడింది.

“ఫీజు ఇయ్యి నాన్నా.”

“ఏంది?”

“ఫీజు. శబరి అవతల ఎంతో నీకూ అంతే.”

“నీ తండ్రినే! ఊరందరికీ ఊరికే చూస్తవు, నాకు ఫీజా?”

“ఊరందరూ ధర్మాదా కట్టిన్రు. కట్టించుకున్నోడివి నువ్వొక్కడివే. నీ దుకాణంల నువ్వు ఎన్నడన్న ఉప్పు కొన్నవా?”

జోగయ్య నోటికి తువాలు అడ్డం పెట్టుకున్నాడు. సేటు సాయం కోసం స్టూలు వైపు చూశాడు. “ఇయ్యిరా” అంది మాణిక్యమ్మ.

ఆయన చెయ్యి గల్లాపెట్టె మీదికి వెళ్ళి ఆగింది. పాలపొడి డబ్బా దగ్గరికి వెళ్ళి ఆగింది. ఇనప డబ్బా వైపు చూసి, తల్లిని చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చివరికి నా వైపు తిరిగాడు. “మేడమ్, ఇది ఏ డబ్బాలకెళ్ళి తియ్యాలె?”

“నేను రిటైరయ్యాను సేటుగారూ” అన్నాను.

ఇంక దారి లేక చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. అక్కడ ఆయన సొంత డబ్బు ఉంటుందని మాకెవరికీ తెలియదు. నోట్లు తీసి కూతురి చేతిలో పెట్టాడు. ఆమె వాటిని మడిచి, నేరుగా వెళ్ళి ఇనప డబ్బా చీలికలో వేసింది.

“ఇగ నీది గూడ వాటా పడ్డది నాన్నా. రేపటిసంది నీకు ఫీజు లేదు” అంది, అని ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

సేటు ముఖం తిప్పుకుని తక్కెడ సరిచేసుకున్నాడు. తర్వాత గొంతు పెంచి, దుకాణంలో ఉన్న అందరికీ వినబడేలా జోగయ్యతో అన్నాడు, “ఆ డాక్టరమ్మ సదువుల నా పైసలు గూడ ఉన్నయి, తెలుసా?”

జోగయ్య ఉప్పు పొట్లం సంచిలో వేసుకుని, ధర్మాదా రూపాయి డబ్బాలో వేశాడు.

“నావి ముందటియి సేటూ” అన్నాడు.